ఇతను మీవారేనా?

చాలా ఏళ్ళుగా నాకో సందేహం ఉంది. మా చర్చిలో బతికి ఉన్నవాళ్ళ కోసం పై అరలో కొవ్వొత్తి వెలిగిస్తాం. పోయినవాళ్ళ కోసం కింది అరలో ఇసుకలో గుచ్చుతాం. బతికి ఉన్న మనిషిని పోయాడనుకుని ఎవరైనా కింది అరలో వెలిగిస్తే, దేవుడు దాన్ని ఎలా అందుకుంటాడు?

ఎవరి సంగతో చెప్పకుండా ఒకసారి ఫాదర్‌ని అడిగాను. "కొవ్వొత్తి మైనమే కదా దామ్యాన్. మనుషులు ఎక్కడున్నారో దేవుడికి తెలుసు" అన్నారాయన. ఆ మాట నాకు సరిపోలేదు. ఆ మనిషి ఎక్కడున్నాడో నాకూ తెలుసు మరి.

నేను ప్లోవ్దివ్‌లో సీక్రెట్ సర్వీసు వారికి కారు నడిపేవాణ్ణి. నా వెనక సీట్లో కూర్చునే ఏజెంట్ పేరు వెసెలిన్ తాచెవ్. రేవుల మీదుగా ఆయుధాలు దాటించే ఒక విదేశీ ముఠా మీద తిహోమిర్ బలెవ్ అనే గోడౌన్ మేస్త్రీ కోర్టులో సాక్ష్యం చెప్పినప్పుడు, అతన్ని కాపాడటానికి తాచెవ్‌కి ఒకటే దారి దొరికింది. అతన్ని చంపేశాడు, కాగితాల మీద. నదిలో పడిన కారు, మూత తెరవని శవపేటిక, గోడల మీద చావు కబురు చెప్పే నల్ల అంచు కాగితం. కాగితంలో తిహోమిర్ ఫొటో, కింద పోయిన తేదీ. అదే రోజు దుప్పట్ల కింద అతన్ని దాచి కొండల్లోని స్మోల్యాన్‌కి చేర్చింది నేనే.

భార్య నెవెనాకి ఎవరూ చెప్పలేదు. ఆమెది మా చర్చే. ప్రతి ఆదివారం నా కళ్ళముందే కింది అరకి వంగేది.

తిహోమిర్‌ని దాచిన ఏడో ఏట, పోయినవాళ్ళని తలుచుకునే ఆత్మల శనివారానికి రెండు రోజుల ముందు, బుర్గాస్‌లో ఒక చనిపోయిన మనిషిని చంపారు.

కల్నల్ గెంచెవా ఆఫీసు పళ్ళ డాక్టరు క్లినిక్ పైన ఉండేది. కింద డ్రిల్లింగ్ మోత. మేమిద్దరం లోపలికి రాగానే ఆమె తలుపు వేసింది.

"బుర్గాస్‌లో పోయినవాడు మనవాడే, తాచెవ్. నాలుగేళ్ళ కిందట మనమే అంత్యక్రియలు చేశాం. నిన్న చేపల దుకాణం ముందు కాల్చారు."

"ఎవరు చెప్పారు వాళ్ళకి?"

"టీవీ చెప్పింది. మీ ఇంట్లో రాక్లా ఉందా?"

"మా ఆవిడ పెట్టించింది. నాకు రిమోట్ ముట్టుకునే హక్కు లేదు."

రాక్లా అంటే ఇంటి ఫొటోలూ పాటలూ సినిమాలూ ఒకచోట సర్దిపెట్టే సాఫ్ట్‌వేర్. సగం దేశం టీవీల్లో అదే నడుస్తుంది.

"దాని మీద జనానికి ఒక ఫిర్యాదు ఉంది" అంది గెంచెవా. "పుట్టినరోజు పొద్దున్నే టీవీ పెడితే పోయిన మొగుడు పళ్ళికిలించి కనిపిస్తున్నాడని. కంపెనీవాళ్ళు జాలిపడి ఫీచర్ మెరుగు చేశారు. వీధిలో తీసిన ఫొటోల్లో వెనక గోడ మీద మన నల్ల అంచు కాగితాలు పడతాయి కదా, ఆ కాగితంలోని ముఖాన్నీ తేదీనీ అది చదువుకుంటుంది. ఇక ఆ ముఖాన్ని పండగపూట చూపించదు."

"మంచిదేగా మేడం."

"మంచిదే. దాన్నే ఎవరో తిరగేశారు. పోయిన తేదీ తర్వాత తీసిన ఫొటోల్లో అదే ముఖం ఇంకెక్కడైనా ఉందా అని కూడా వెతుకుతోంది. పాత వెర్షన్‌లో ఎవరి ఫొటోలు వాళ్ళింట్లోనే. కొత్తదాంట్లో ముఖాల గుర్తులన్నీ సర్వర్‌కి పోతాయి."

"మనం కాగితాలు ఒక్కసారే అంటించాం" అన్నాడు తాచెవ్.

"మనం ఒక్కసారే. వాళ్ళ ఆడవాళ్ళు నలభయ్యో రోజుకి, ఆర్నెల్లకి, ఏటేటా అంటించారు. ప్రతి స్తంభానికీ, మంచి జిగురు పెట్టి. ఇంకే దేశంలో దాచినా మనవాళ్ళు దొరికేవాళ్ళు కాదు. ఏటేటా కాగితాలు అంటించే బుద్ధి మనకే ఉంది, ఆ సంగతి మనకే తట్టలేదు." ఆమె కిటికీ వైపు చూసింది. "బుర్గాస్‌లో కొన్ని ఇళ్ళకి ట్రయల్ వెర్షన్ ఇచ్చారు. ఒకడు దొరికాడు. రేపు మధ్యాహ్నం పన్నెండుకి దేశమంతా అప్‌డేట్. ఆత్మల శనివారం కదా, అందరూ పోయినవాళ్ళ ఫొటోల ముందే కూర్చుంటారు. తిహోమిర్ స్మోల్యాన్‌లో ఏం పని చేస్తున్నాడు?"

"పెళ్ళిళ్ళకి గొర్రెలు కాలుస్తున్నాడు."

"అంటే ఆ కొండల్లో ప్రతి పెళ్ళి ఫొటోలోనూ వెనకాల ఉంటాడు."

"వెనకాలే, పొగలో."

"పొగని కూడా సరిచేసే ఫీచర్ ఉందట" అంది గెంచెవా. "దాన్ని ఆపమని జడ్జిగారిని ఆర్డర్ అడిగాను. సోమవారం చూస్తానన్నారు. ఆ కంపెనీ లోపల మన మనిషి ఉంది, జోర్నిత్సా. ఫొటోల విభాగం హెడ్. వెళ్ళండి."

శనివారం పొద్దున కంపెనీవాళ్ళు వాడకందార్లను పిలిచి కాఫీ ఇచ్చి ఫిర్యాదులు వింటున్నారు. తాచెవ్ రిటైరైన తేనెటీగల రైతు వేషంలో వెళ్ళాడు. గొర్రె ఉన్ని కోటు, చెవికి వినికిడి మిషన్. ఆ మిషన్‌లో గెంచెవా గొంతు వస్తుంది, అక్కడి మాటలు ఆమెకి చేరతాయి. అవన్నీ కింద కార్లో నాకూ వినిపిస్తాయి.

వరసలో ముందున్న ముసలామె అక్కడి కుర్రవాడిని కడిగేస్తోంది. "నా పిల్లినీ మా అత్తగారినీ ఒకే ఆల్బంలో కలిపేసింది నాయనా, మీ మిషను."

"విడదీసే ఆప్షన్ ఉందమ్మా."

"విడదీయమని కాదు, దానికెలా తెలిసిందని అడుగుతున్నా."

దంతపు రంగు సూటులో ఒక అందగత్తె వచ్చి తాచెవ్ ముందు ఆగింది. ఆమె నడిచిన దారిలో మాటలు ఆగిపోయాయి.

"మీ తేనె ఈసారి చేదుగా ఉందట, తాతగారూ."

"చెస్ట్‌నట్ పూలదమ్మా. ఆ మాత్రం ఉంటుంది."

కోడ్ కలిసింది. జోర్నిత్సా అతన్ని గాజు గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసింది.

"ఆపగలవా?" అన్నాడు తాచెవ్.

"ప్రయత్నిస్తాను. మీరు మరీ కంగారు పడకండి. సాఫ్ట్‌వేర్ ముఖాన్ని పోలుస్తుంది, అంతే. తర్వాత ఇంట్లోవాళ్ళని అడుగుతుంది, ఇతను మీవారేనా అని. అవునంటేనే ఖాయం. ఊరికే పోలిక కలిస్తే ఏమీ కాదు. బుర్గాస్‌లో ఆ చెల్లెలు అవునని నొక్కకపోతే ఏమయ్యేది కాదు."

తాచెవ్ వినికిడి మిషన్ సర్దుకున్నాడు. బుర్గాస్‌లో ఒకడు పోయాడని మాత్రమే ఆమెకి తెలియజేశారు. ఆ ఇంట్లో రిమోట్ ఎవరి చేతిలో ఉందో సర్వీసుకే తెలియదు. వచ్చిన జవాబులు చదివిన మనిషికే తెలుస్తుంది.

"అతనికి చెల్లెలుందా?" అన్నాడు మెల్లగా.

ఆమె నవ్వు ఆగింది. చెవిలో గెంచెవా గొంతు, "విన్నాను. మనవాళ్ళు పైకి వస్తున్నారు" అంది.

ఇద్దరు మనుషులు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. జోర్నిత్సా కుర్చీలోంచి లేవలేదు.

"నన్ను పట్టుకెళ్ళి ఏం చేస్తారు? అప్‌డేట్ రాత్రే ఇళ్ళకి చేరిపోయింది. పన్నెండు కోసం చూస్తోంది. ఇక్కడ కరెంటు తీసేసినా మావాళ్ళ సర్వర్ వేరే దేశంలో ఉంది."

"జవాబు రాకపోతే?"

"నిమిషం చూస్తుంది. రాకపోతే అవుననే అనుకుంటుంది. జనం బద్ధకస్తులు, అందుకని అలా పెట్టాం. ప్లగ్గు పీకితే మళ్ళీ పెట్టినప్పుడు అడుగుతుంది. ఇంట్లో మనిషి కాదని నొక్కితేనే పోలిక చెరిగిపోతుంది."

"నీకు ఆ దాక్కున్నవాళ్ళు ఏం చేశారమ్మా?"

"నేనేం చేశాను? ఒక్క ప్రశ్న రాశాను, తాచెవ్ గారూ. ఆ ఆడవాళ్ళకి అబద్ధం చెప్పింది మీరు."

తాచెవ్ మెట్లు దిగి వచ్చి కార్లో కూర్చున్నాడు. "పోనివ్వు దామ్యాన్, నెవెనా ఇంటికి. ఫోన్ చేశాను, తెలియని నంబరు ఎత్తడం లేదు."

మిగతా కుటుంబాల ఇళ్ళకి గెంచెవా పోలీసులను పంపింది. మాకు శ్మశానం పక్క రోడ్డు తప్ప వేరే దారి లేదు. ఆత్మల శనివారం కావడంతో పూలమ్మేవాళ్ళూ, ఉడికించిన గోధుమల గిన్నెలు పట్టుకున్న ఆడవాళ్ళూ రోడ్డంతా నిండి ఉన్నారు. ఎవరో కిటికీలోంచి నా చేతిలో ఇన్ని గోధుమలు పోసి, "మా ఆయన ఆత్మకి" అంది. తినకుండా ఎలా ఉంటాను? తిన్నాను. హారన్ మాత్రం కొట్టలేకపోయాను.

దారిలోనే పన్నెండు దాటింది. చెవి మిషన్‌లో గెంచెవా అంది, "వర్నాలో మనవాళ్ళు ఆలస్యంగా చేరారు. ఒక తల్లి అవునని నొక్కేసింది. సంతోషం పట్టలేక వీధిలోకి పరిగెత్తిందట." తర్వాత, "ఆమె కొడుకు, ఆ కుర్రాడి ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు" అంది.

నెవెనా వీధి గేటుకి తిహోమిర్ ఏడో ఏటి కాగితం అంటించి ఉంది. జిగురు ఇంకా తడిగా ఉంది. తలుపు తీసే ఉంది. ఆమె బూట్లు కూడా విప్పకుండా, మోచేతికి బుట్ట వేలాడుతూ, టీవీ ముందు నిలబడి ఉంది. శ్మశానం నుంచి అప్పుడే వచ్చి, ఆయన ఫొటోలు చూద్దామని పెట్టింది. చేతిలో రిమోట్.

తెర మీద ఎవరిదో పెళ్ళి. నవ్వుతున్న జంట వెనక, పొగలో, గొర్రెని తిప్పుతున్న మనిషి. అతని ముఖం చుట్టూ తెల్లటి గీత. కింద అక్షరాలు: ఇతను మీవారేనా? పక్కనే ఒక వృత్తం మెల్లగా తరిగిపోతోంది. అప్పటికే సగం పోయింది.

"అమ్మా, నొక్కకు" అన్నాడు తాచెవ్.

ఆమె వెనక్కి తిరగలేదు. "ఇది పోయిన ఏడాది పెళ్ళి. తేదీ రాసి ఉంది."

"అవును."

"మరి నేను ఇప్పుడు వైన్ పోసి వచ్చిన సమాధిలో ఎవరున్నారు?"

"ఇసుక బస్తాలు."

"నువ్వేనా పెట్టింది? అంత్యక్రియల్లో నా భుజం పట్టుకుని నిలబడ్డావు, నువ్వే కదా?"

"నేనే."

ఆమె అప్పుడు తిరిగి చూసింది. కొడుతుందనుకున్నాను. తాచెవ్ కూడా అదే అనుకున్నాడేమో, కదలకుండా నిలబడ్డాడు. "అవునంటే వాళ్ళు అతన్ని చంపేస్తారమ్మా. ఊరుకున్నా అవుననే లెక్క. కాదని నొక్కాలి. నువ్వే నొక్కాలి."

"లావయ్యాడు" అంది, మళ్ళీ తెర వైపు చూస్తూ.

"గొర్రె మాంసం, అమ్మా."

వృత్తం దారమంత మిగిలింది. ఆమె ఆ ముఖాన్ని చూస్తూ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. మావైపు అలా ఊపితే అవునని. వేలు మాత్రం రెండో బటన్ మీద పడింది. కాదు.

తెర ఒక్క క్షణం ఆగింది. తర్వాత తెల్లగీత పోయింది. ఫొటో కూడా పోయింది. "మీ ఆల్బం మెరుగుపరచడంలో సాయపడినందుకు ధన్యవాదాలు" అని వచ్చింది.

ఆమె బుట్ట కింద పెట్టి కూర్చుంది. "ఆ ఫొటో మళ్ళీ చూపించమను."

"రాదమ్మా. చెరిగిపోయింది."

"నన్ను తీసుకెళ్ళు."

"నీ గుమ్మం మీద వాళ్ళ కళ్ళున్నాయి. అతన్ని ఈ సాయంత్రమే వేరే చోటికి మార్చాలి. ఆ చోటు నాకు కూడా చెప్పరు. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ఇది మళ్ళీ అడగొచ్చు. అప్పుడూ కాదనాలి."

"ఎన్నాళ్ళు?"

తాచెవ్ టోపీ చేతుల్లో తిప్పుకుంటూ ఉండిపోయాడు.

"ఉత్తరం పట్టుకెళ్తావా?"

"కుదరదమ్మా."

ఆమె లేచి కోటు విప్పింది. "కారు నదిలో పడిన రోజు పొద్దున బనిత్సా చెయ్యమన్నాడు. సాయంత్రం చేస్తాలే పో, అన్నాను. అది బాకీ పడిపోయింది. బనిత్సా పట్టుకెళ్ళడానికి కూడా రూల్ ఉందా?"

"దాని గురించి రూల్ రాయలేదు" అన్నాడు తాచెవ్.

పల్చటి పిండి రేకుల మధ్య గుడ్డూ జున్నూ వేసి ఆమె ఓవెన్‌లో పెట్టింది. అది ఎర్రబడేదాకా వంటింటి బల్ల దగ్గర ముగ్గురం కూర్చున్నాం. గోడ మీది మేరీమాత పటానికి నేను మనసులో దణ్ణం పెట్టుకున్నాను, ఏమని అడగాలో తెలియక ఊరుకున్నాను.

స్మోల్యాన్ కొండ దారిలో గెంచెవా మళ్ళీ మాట్లాడింది. వర్నా కుర్రాడి ఫోన్ ఇంకా మోగుతూనే ఉందట. రాక్లా కొత్త ఫీచర్ చాలా బాగుందని జనం ఐదేసి నక్షత్రాలు ఇస్తున్నారట.

తిహోమిర్ ఒక షెడ్డు వెనక బూడిద ఎత్తుతున్నాడు. తాచెవ్ సంగతి చెప్పాడు. అతను ఎదురు ప్రశ్న వేయకుండా చేతులు కడుక్కుని, సంచీ సర్దుకున్నాడు. చాలా కాలంగా సర్ది పెట్టుకున్నట్టే ఉంది. అప్పుడు నేను గుడ్డలో చుట్టిన పళ్ళెం ఇచ్చాను.

"ఎవరిచ్చారు?"

తాచెవ్ చెట్ల వైపు చూస్తున్నాడు. నేను నేల చూశాను.

అతను గుడ్డ విప్పాడు. ఇంకా వెచ్చగా ఉంది. నిలబడే ఒక ముక్క తిన్నాడు. ఇంకోటి తిన్నాడు. తర్వాత కింద కూర్చుని, గడ్డం మీద పడిన పొట్టు తుడుచుకోకుండా, మొత్తం తినేశాడు. ఖాళీ పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని కొంతసేపు దాన్నే చూశాడు.

"తీరిపోయిందని చెప్పండి" అన్నాడు. "జున్ను మాత్రం ఇంకా పిసినారిగానే వేస్తోంది."