జిగురు పట్టేదాకా

కింది వాటా పిన్నిగారు అందట: "పైవాళ్లిద్దరికీ చెడింది. పెద్దతను పెట్టె పట్టుకుని అక్కగారింటికి వెళ్లిపోయాడు. ఆ మొహం చూస్తే మళ్లీ వచ్చేట్టు లేడు." ఈ మాట ఎదురింటి టైలరు మీదుగా తూనీగ చెవిన పడేసరికి పెట్టె కాస్తా రెండు పెట్టెలైంది.

హోటల్లో డ్రమ్స్ వాయించే ఈ పాతికేళ్లవాడికి తూనీగ అని పేరు పెట్టింది వెళ్లిపోయిన మనిషే. ఒకచోట కుదురుగా వాలడని. ఇతనేమో వయొలిన్లు బాగుచేసే ఆ మనిషిని 'మేస్త్రీ' అని ఆటపట్టిస్తాడు. ఒకడు నోరు విప్పడు, ఇంకొకడు నోరు మూయడు. ఎలా కుదిరిందోగాని, రెండు వానాకాలాలు ఒకే గొడుగు కింద నడిచారు.

ఆ ఇంట్లో ఒకటే కట్టుబాటు. జిగురు పెట్టి బిగించిన వయొలిన్‌కి అతుకు ఆరేదాకా నొక్కిపట్టే క్లాంపులు మేస్త్రి తప్ప ఎవరూ విప్పకూడదు. నిన్న అతను బజారుకెళ్లినప్పుడు, అతని కుర్చీ కాలు ఊగుతోందని, వచ్చేలోగా అతికించి మురిపిద్దామని, తూనీగ రెండు క్లాంపులు విప్పి కుర్చీకి బిగించాడు. కుర్చీ నిలబడింది. వయొలిన్ నోరు తెరిచింది.

మేస్త్రి తిట్టలేదు. అదే భయం.

ఇదివరకైతే తూనీగ ఫోన్ ఆపేసి ఏ స్నేహితుడి గదిలోనో ముసుగుతన్నేవాడు. ఈసారీ కాళ్లు అటే నడిచాయి. వీధి మలుపులో వాన అందుకుంది. ఆగాడు. వెనక్కి తిరిగి, ఆ వయొలిన్ సొంతదారైన సంగీతం టీచరు తలుపు తట్టాడు.

"మేస్త్రి తప్పు లేదండీ. చెడగొట్టింది నేను."

ఆవిడ కళ్లజోడు మీంచి చూసింది. "నాకు చెబితే అతుక్కుంటుందా? వెళ్లి అతనికి సాయం చెయ్యి."

మేస్త్రి అక్కగారింటికి వెళితే, ఆవిడే తలుపు తీసింది. "తడిసిన కోడిలా అక్కడే నిలబడ్డావేం? కాళ్లు తుడుచుకుని రా."

లోపల బల్ల మీద వయొలిన్ ముక్కలు, పక్కన ఒక్కటే పెట్టె, పనిముట్లది. మేస్త్రి తలెత్తలేదు.

"టీచరు ఫోన్ చేసింది. నువ్వే వెళ్లి చెప్పావట."

"చెప్పాను. నన్ను వదిలేసి వచ్చేశావా, మేస్త్రీ?"

"ఆ గదిలో ఉంటే నీ మీద అరుస్తానని వచ్చాను."

"అరవొచ్చుగా! నువ్వు మాట్లాడకపోతే నాకు ఊపిరాడదు, తెలుసా?"

మేస్త్రి అప్పుడు చూశాడు. అతని కళ్లకూ రాత్రి నిద్ర లేదు.

"ఇలా రా. రెండు చేతులా పట్టుకో. కదలకు."

"ఎంతసేపు?"

"జిగురు పట్టేదాకా."

"తర్వాత?"

"తర్వాత కూడా ఉండు."

తూనీగ వేళ్లు అలవాటుగా దరువెయ్యబోయాయి. బిగబట్టుకున్నాడు. ఆ వేళ్ల మీద మేస్త్రి చెయ్యి ఆనింది. జిగురంటిందని తియ్యలేదో, తియ్యాలనిపించక తియ్యలేదో.

అక్కగారి ఫోన్ మోగింది. పిండి చేతులతో ఉంది కనక స్పీకర్ పెట్టింది. పిన్నిగారు!

"అమ్మాయీ, మీ తమ్ముడు గొడవపడి వచ్చాడటగా, నా ప్రాణం ఉసూరుమందనుకో! ఇంతకీ ఆ డ్రమ్ముల అబ్బాయి అతనికేమవుతాడు?"

బల్ల దగ్గర నాలుగు చేతులూ బిగుసుకున్నాయి. అక్కగారు అటొకసారి చూసి, ఫోన్ వైపు వంగింది.

"మా ఇంటి మనిషండీ. ఇంకేమన్నా అడగాలా?"