పళ్ళ మీద నల్లచారలు

"మా ఆయనకి నేనే విషం పెడుతున్నానట!" డిటెక్టివ్ గదిలోకి వస్తూనే ఆమె కుర్చీలో కూలబడింది. "అంటున్నది మా వదిన, ఆయన సొంత అక్క."

ఆమె భర్త గడియారాలు బాగుచేస్తాడు. కొన్ని నెలలుగా ఒంట్లో రక్తం తగ్గి పాలిపోతున్నాడు. నోట్లోంచి, కిందనుంచి గొట్టాలు వేసి చూసినా డాక్టరుకు ఏమీ దొరకలేదు. మధ్యలో మిగిలిన చిన్నపేగు కోసం కెమెరా మాత్ర మింగిస్తే బొమ్మలన్నీ నల్లగా వచ్చాయి.

"అక్క ఇంట్లో నెలుంటే ముఖం కళకళలాడుతుంది. నా దగ్గరికి రాగానే వాడిపోతాడు. చూస్తుంటే నా కడుపు మండిపోతుందండీ."

"కెమెరా పరీక్షకి ఎవరింటినుంచి వెళ్ళారు?"

"వదిన ఇంటినుంచే."

డిటెక్టివ్ తల పంకించాడు. ఆయన తుమ్మినా అందులో ఆధారం వెతికే అసిస్టెంటు వెంటనే రాసుకున్నాడు.

దుకాణంలో గడియారాల మనిషి నీరసంగా నవ్వాడు. ముందు పళ్ళ మీద నల్లచారలు.

"పొగ తాగుతారా?"

"అలవాటు లేదండీ."

అక్కడినుంచి అతని వెంట అక్క ఇంటికి వెళితే ఆమె వాళ్ళకు పళ్ళరసం ఇచ్చింది. "నా చేత్తో ఇది తాగే తమ్ముడు కోలుకుంటున్నాడు" అంది గర్వంగా. తమ్ముడి గ్లాసు మాత్రం వేరు. దాని అడుగున నల్లటి మరక.

"విషం ఈవిడదేనా సార్?" బయటికొచ్చాక అసిస్టెంటు గుసగుసలాడాడు.

"కలిపే మాట నిజం. విషం మాత్రం కాదు."

డిటెక్టివ్ డాక్టరుతో మాట్లాడి, రోగిని ఇద్దరి వంటకీ దూరంగా ఆస్పత్రిలో ఉంచి, కొన్నాళ్ళకు మళ్ళీ కెమెరా మాత్ర మింగించాడు. తర్వాత అందరినీ డాక్టరు గదికి పిలిచాడు.

"రసంలో ఐరన్ టానిక్ కలిపారు కదమ్మా? దానివల్లే మీ ఇంట్లో రక్తం పట్టేది. పళ్ళ మీద చారలూ దానివే. పరీక్షకి ముందు ఐరన్ మానాలి. తాగుతున్నట్టే తెలియనివాడు ఏం మానతాడు? పేగంతా నల్లబడి కెమెరాకి ఏమీ కనబడలేదు."

"పెళ్ళయ్యాక వాడు నాకేం మిగిలాడు?" అంది అక్క. "నావల్లే బాగయ్యాడని నలుగురూ అనాలనుకున్నాను."

డాక్టరు తెర తిప్పాడు. చిన్నపేగు గోడమీద గడ్డ, దాన్నుంచి సన్నగా ఊరుతున్న నెత్తురు.

"అసలు దొంగ ఇది" అన్నాడు డిటెక్టివ్.

"ఆపరేషన్‌తో తీసేస్తాను. మొదటిసారే కనబడి ఉంటే ఇంకా చిన్నగా ఉండేది" అన్నాడు డాక్టరు.

అక్క భోరుమంది. భార్య తల దించుకుంది.

"పళ్ళ మీద ఆ చారలు నేనెప్పుడో చూశాను వదినా. ఏం పెడుతున్నారని అడిగితే మీ ముందు ఓడిపోయినట్టవుతుందని నోరు మెదపలేదు."

గడియారాల మనిషి ఇద్దరి వంకా చూసి, నవ్వబోయి, పెదవులు మూసుకున్నాడు.