చిన్న అక్షరాలు చదివిన అత్తగారు

గురువారం పొద్దున టీ గ్లాసు పట్టుకుని ల్యాప్‌టాప్ తెరిచిన కోడలు కూర్చున్నచోటే కొయ్యబారిపోయింది. తను తయారుచేసిన పిల్లల పదాల ఆటను యాప్ స్టోర్ వాళ్లు తీసేశారు. సోమవారం నుంచి ఒక బడిలో మూడు వందల మంది పిల్లలు ఆ ఆట మొదలుపెట్టాలి. ఉద్యోగం మానేసి ఏడాదిగా ఆమె దానిమీదే కూర్చుంది.

కారణం కిందే రాసి ఉంది. ఆట గురించిన వివరాల్లో ఎవరో ఒక వాక్యం చేర్చారు: "డబ్బు నేరుగా మాకే పంపండి, తక్కువకు ఇస్తాం."

ఆ వివరాలు రాసే పని అత్తగారిది. ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. ఆటలోని పదాలన్నీ ఆవిడ ఏరినవే.

"అత్తయ్యా, ఇది మీరు రాశారా?"

"నేనే. మన రెక్కల కష్టంలో నూటికి ముప్పై వాళ్లకెందుకమ్మా?"

"వాళ్ల కొట్లో సరుకు పెట్టి, కొనేవాళ్లని బయటికి రమ్మంటే ఊరుకుంటారా? నన్నొక్క మాట అడగొచ్చుగా!"

"అడిగితే వద్దంటావని..." అత్తగారి గొంతు సన్నబడింది.

"ఏడాది కష్టం నీళ్లపాలు చేశారు!" అనేసి కోడలు విసురుగా గదిలోకి వెళ్లిపోయింది.

ఆ మాట అత్తగారికి ముల్లులా దిగింది. లేచి వీధి చివరి దుకాణానికి వెళ్లి, స్టోర్ వాళ్ల నిబంధనలన్నీ ప్రింటు తీయించుకొచ్చి మొదటి పేజీ నుంచి చదవసాగింది. అన్నం సంగతే మరిచిపోయింది. అరవై రెండో పేజీ దగ్గర ఇల్లు అదిరేలా కేకేసింది. "అమ్మాయ్!"

కోడలు పరుగున వచ్చింది.

"ఆ వాక్యం తీసేసి పంపితే రెండు రోజుల్లో మళ్లీ చూస్తారట. అది సరే, ఇక్కడ చూడు. మనలాంటి చిన్నవాళ్లకి నూటికి పదిహేనేనట! కాకపోతే అడిగినవాళ్లకే. నువ్వు అడిగావా?"

"అలాంటిదొకటి ఉందనే తెలీదు!"

"మరి ఇదంతా చదివి ఒప్పుకున్నానని నొక్కావుగా?"

కోడలు నాలుక కరుచుకుంది. "చదవలేదత్తయ్యా. ఎవరు చదువుతారు?"

"అంటే, ఇన్నాళ్లూ వాళ్లకి రెట్టింపు సమర్పించుకుంటున్నామా!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు అత్తగారికే నవ్వు తన్నుకొచ్చింది. కోడలైతే పొట్ట పట్టుకుని నేలమీద కూలబడింది.

"పొద్దున నోరు జారాను, అత్తయ్యా."

"నేను చెయ్యి జారానుగా. చెల్లుకు చెల్లు. లే, ఆకలేస్తోంది."

శనివారం సాయంత్రానికి ఆట తిరిగొచ్చింది. తగ్గింపు కూడా ఇస్తామన్నారు. కోడలు ఫోను తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది. ఆట మొదటి తెరమీద, తయారుచేసినవాళ్లు అన్నచోట రెండు పేర్లున్నాయి. ముందుది అత్తగారిది.

ఎన్ని వందల పుస్తకాలు దిద్దిందో లెక్కలేదు. ఒక్కదానిమీదా తన పేరు చూసుకోలేదు.

"తప్పులేమైనా ఉన్నాయా, అత్తయ్యా?"

"ఏమో, అక్షరాలు కనబడితేగా!" అంటూ ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది.