తొమ్మిదో గురువారం

అమ్మ పోయాక నాకు నిద్ర పట్టకపోతే, కంపెనీ వాళ్లు ఎనిమిది గురువారాలు కౌన్సెలింగ్ ఇప్పించారు. తొమ్మిదోది అడిగితే హెచ్‌ఆర్ స్వప్న నవ్వి, "పాలసీలో లేదు దివ్యా" అంది. ఆఖరి రోజున కౌన్సెలర్ జ్యోత్స్న మేడమ్ నా చేయి నొక్కి, "ఇక మీరు నడవగలరు" అన్నారు. నడవగలను గానీ, ఎవరితో చెప్పుకోను? ఆ దిగులు నాతోపాటే మణికొండ ఫ్లాట్‌కి వచ్చింది.

మరుసటి గురువారం నాలుగింటికి నా కాళ్లు వాటంతటవే నాలుగో అంతస్తుకి వెళ్లాయి. మేడమ్ గదిలో కాసేపు కూర్చుని వచ్చేద్దామనుకున్నాను. తలుపు దగ్గర ఆఫీసు కార్డు పెడితే ఎర్రలైటు. ఇంతలో బూడిదరంగు చున్నీ వేసుకున్న ఒకావిడ కార్డు పెట్టి తలుపు తీసింది. ఒకరి కార్డు మీద ఇంకొకరు దూరకూడదని మాకు ఏటా పరీక్ష పెడతారు. నాకు నూటికి నూరు వచ్చాయి కూడా. అయినా ఆవిడ వెనకే దూరిపోయాను.

లోపల చల్లగా, తడిసిన టిష్యూల వాసన. ఆవిడ తిన్నగా వెళ్లి ప్రతి గురువారం నేను కూర్చునే కుర్చీలో కూర్చుంది. ఖాళీగా ఉన్నది మేడమ్ కుర్చీ ఒక్కటే.

"కూర్చోండి," అంది గుసగుసగా. "నాకూ ఎనిమిదే ఇచ్చారండి. సరిపోలేదు."

తలుపు దగ్గరికి పరుగెత్తి కార్డు పెట్టాను. ఎర్రలైటు. మళ్లీ పెట్టాను. ఎర్రలైటే. లోపలికి వచ్చినట్టు నమోదు కాని మనిషిని ఆ మిషన్ బయటికి పంపదు. తలుపు బాదాను... అరిచాను... ఎవరూ రాలేదు.

"యాభై నిమిషాలే కదండీ."

కూర్చున్నాను. ఆవిడ తన గోడు చెబుతూనే ఉంది. చున్నీ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి... కింద కార్పెట్ మాత్రం తడవడం లేదు. ఏడుపొచ్చి, "మా అమ్మ..." అని నోరు తెరిచాను.

"మీ సంగతి కాదండీ. ఇది నా టైమ్."

నాలుగూ యాభైకి లేచింది. "వచ్చే గురువారం రండి. రాకపోతే నేనే మణికొండ వస్తాను."

తలుపు దానంతటదే తెరుచుకుంది. చూస్తే గదిలో ఎవరూ లేరు. మెట్ల మీదుగా పరుగెత్తి కింద గేటు దగ్గర కార్డు పెట్టాను. ఎర్రలైటు.

సెక్యూరిటీ ఎల్లయ్య కార్డు తీసుకుని కంప్యూటర్‌లో చూశాడు.

"ఏందమ్మా గిది? గీ కార్డు నాలుగో అంతస్తుకు తప్ప యాడికీ పనిజెయ్యదంట. పేరు కింద కౌన్సెలర్ అని ఉంది. ఒక గురువారం అయిందంట, ఇంక ఏడు గురువారాలున్నయంట."

కార్డు వెనక్కి ఇచ్చి, చేతిని ప్యాంటుకి తుడుచుకున్నాడు. కార్డు తడిగా ఉంది.