తరుగు తీసిన నవ్వు

అయినా ఆ నవ్వు రోడ్డు మీది గుంత వల్ల వచ్చిందే అయి ఉండాలి. బండి ఎగిరిపడితే ఎవరికైనా నవ్వు వస్తుంది. రాకపోవచ్చు కూడా, కొందరికి కోపం వస్తుంది. తారకు కోపం రాలేదు. కాని నవ్వుతూ తనవైపు చూసిందా, అద్దంలో వెనకొచ్చే లారీని చూసిందా? తుకారాం ఒళ్ళోని నోటుబుక్కులో రాసుకున్నాడు: 'నందిపేట దాటాక. మూడో గేరు. నవ్వింది. బహుశా గుంత వల్ల.'

"ఏం రాసిన్రు సార్?" రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అడిగింది తార.

"మూడో గేరు అని."

"మూడో గేరుకు గంతసేపా! నాలుగో గేరు ఏస్తే పేజీ నిండుతదేమో."

తుకారాం పుస్తకం మూశాడు. ఆర్మూరు జూనియర్ కాలేజీలో తర్కశాస్త్రం చెప్పే మనిషికి కారు నడపడం రాదు. కారు కావాలన్నది అతని తండ్రి ముత్తెన్న. మార్కెట్ యార్డులో పసుపు కమీషన్ దుకాణం ఆయనది. మోకాళ్ళ నొప్పులతో స్కూటర్ నడపడం కష్టమవుతోంది. పోచంపాడ్ డ్యాం మీద పనిచేసే లింగానికి బదిలీ అయింది, తన తెల్ల మారుతిని అమ్మేస్తున్నాడు. లింగం కాలు విరిగి పట్టీ వేశారు కాబట్టి కారు చూపించే పని కూతురి మీద పడింది. డ్యాం కాలనీ బడిలో పంతులమ్మ తార. జూన్‌లో బాపుతో పాటు ఆమె కూడా వెళ్ళిపోతుంది.

"లీటరుకు ఎంత ఇస్తదో మన కండ్ల ముంగట తేలాలె," అని ముత్తెన్న మొదటి రోజే అన్నాడు. పెర్కిట్ బంకులో ట్యాంకు అంచుదాకా నింపించడం, దొంకేశ్వర్ దాకా పోయి రావడం, మళ్ళీ అంచుదాకా నింపించి ఎంత పట్టిందో చూడడం. మొదటి ఆదివారం తుకారాం బయలుదేరేముందు అంకె రాసుకోవడం మరిచిపోయాడు. రెండో ఆదివారం సరిగ్గానే రాశాడు కాని దారిలో టైరు గాలి తక్కువైందేమోనని తానే అనుమానం పుట్టించాడు. ఆ అనుమానం తనకు నిజంగా కలిగిందా, కలగాలని తాను కోరుకున్నాడా? వారం రోజులు ఆలోచించినా తేలలేదు.

ఇది మూడోది. కిటికీలోంచి ఎండిన నేల వాసన. ఈశాన్యాన మబ్బు పట్టింది. తార గేరు మార్చేటప్పుడు కింది పెదవిని పంటితో పట్టి వదులుతుంది. అది ఏకాగ్రత. కారు తలుపు మీద ముత్తెన్న మొదటి రోజు ఆనించిన అరచేయి పసుపు ముద్ర ఇంకా అలాగే ఉంది. ఆమె కడగలేదు. తీరిక లేక కావచ్చు.

"ఒకటి అడుగుతా, ఏమనుకోరు గద?" అన్నాడు.

"అడగుండ్రి."

"మీరు యాభై దాటనిస్తలేరు. గట్ల నడిపితే మైలేజీ ఎక్కువ వస్తదనా?"

తార అతనివైపు ఒకసారి చూసింది. "తొందరగ వచ్చేస్తే మైలేజీ తగ్గుతది సార్," అంది. "ఇంకోటి గూడ తగ్గుతది."

"ఏంది?"

"తోవ."

దారి తగ్గదు కదా, కిలోమీటర్లు మారవు కదా అనుకున్నాడు తుకారాం. సరదాకు అని ఉంటుంది.

పెర్కిట్ బంకులో ముత్తెన్న బెంచీ మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. బంకు మల్లయ్య నాజిల్ పెట్టి, ట్యాంకు మూతికాడ పెట్రోలు మెరిసేదాకా పోశాడు.

"రెండున్నర లీటర్లు," అన్నాడు మల్లయ్య. "గీ బండికి నూనె తాగిస్తున్నరా, నూనె చూపిస్తున్నరా బిడ్డా?"

"నలభై ఆరు కిలోమీటర్లు," తార వేళ్ళు మడిచింది. "పద్దెనిమిదికి మీదనే ఇచ్చింది కాకా."

ముత్తెన్న తల ఊపాడు. "పదహారు అనుకుందాం."

"ఎందుకు కాకా? మీ ముంగటనే పోసిండు గద!"

"రెండు తరుగు."

తారకు అర్థం కాలేదు. మల్లయ్య చెప్పాడు. యార్డులో పసుపు బస్తా తూచినాక తేమ అనీ దుమ్ము అనీ కొంత తగ్గించి చెబుతారు, అదే తరుగు. ముప్ఫై ఏళ్ళుగా ముత్తెన్న తరుగు తీయకుండా ఏ తూకమూ ఒప్పుకోలేదు.

తార నడుం మీద చేతులు పెట్టుకుంది. "పెట్రోలేమన్న పచ్చిగున్నదా కాకా? ఎండకు ఆరబోసి తెమ్మంటరా?"

మల్లయ్య పగలబడి నవ్వాడు. ముత్తెన్న కూడా మీసం కింద నవ్వాడు. "నీకు తెల్వదు బిడ్డా. కండ్లకు కనవడ్డదంత పట్టుకొని ఎగిరితే ఎన్కకు ఏడ్వాలె. ఏదొచ్చినా జర తీసి అనుకోవాలె. మావోనికి గూడ చిన్నప్పటి సంది గదే నేర్పిన."

తుకారాం అక్కడే నిలబడి ఉన్నాడు. ఎవరో తన బుర్రలోకి దీపం పట్టుకుని వచ్చినట్టయింది. ఎండలో అరగంట ముందే వచ్చి నిలుచుంది: గడియారం ముందు నడిచి. వచ్చే ఆదివారం తప్పక రమ్మంది: కారు అమ్ముడుపోవాలని. నవ్వింది: గుంత వల్ల. ఆమె ఇచ్చిన ప్రతిదాన్నీ తాను తూచాడు, తీశాడు. తీసి తీసి మూడు ఆదివారాలకు ఏమీ మిగల్చలేదు. ఇది తర్కం అనుకున్నాడు ఇన్నాళ్ళూ.

"పదహారైనా చాలు," ముత్తెన్న లేచాడు. "కారు మనదే. రేపు పొద్దున పోచంపాడ్ పోయి మీ బాపుతోని మాట్లాడ్త. వానొచ్చేటట్టున్నది, నేను పోతున్న. తుకారాం, నువ్వు ఆటోల రా."

స్కూటర్ మలుపు తిరిగిందో లేదో చినుకులు మొదలయ్యాయి. ఇద్దరూ కారులోకి దూరారు. అద్దాల మీద నీళ్ళు దారాల్లా జారుతున్నాయి. ఇక వచ్చే ఆదివారం లేదు. కారు బాగుందని తేలడమంటే ఇదే. లోపల ఈ మాట తెలిసినా, బయటికి అతను అన్నది వేరు.

"కారు మంచిగున్నది."

"మూడు వారాలు పట్టింది గది చెప్పనీకి." తార చేయి చాచింది. "బుక్కు ఇయ్యుండ్రి. నా బండి గురించి ఏం రాసిన్రో చూడాలె."

ఇవ్వకూడదు. ఇవ్వకపోతే దాచినట్టు. ఈ లోపల ఆమే లాక్కుంది. పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగి పైకి చదివింది:

"'నవ్వింది. బహుశా గుంత వల్ల.'"

తుకారాం కిటికీ అద్దాన్ని లోపలివైపు నుంచి తుడవడం మొదలుపెట్టాడు.

"గుంత వల్ల ఎవరన్న నవ్వుతరా సార్?"

"నవ్వరా?"

"నడుం పట్టేస్తది గని నవ్వరు." ఆమె ఇంకో పేజీ తిప్పింది. "'చెంగు సర్దుకుంది. గాలి.' 'పాట పాడుకుంది. అలవాటు.' గీడ మైలేజీ ఏడున్నది? అన్నీ నేనే ఉన్న. ఉండి గూడ లేను."

అతని చెవులు వేడెక్కాయి. "తార గారూ, నేను..."

"మీ నాయిన రేపు వచ్చి కారు అడుగుతడు," అంది ఆమె, పుస్తకం మూసి అతని ఒళ్ళో పెడుతూ. ఈసారి ఆట గొంతు కాదు. "గది అయినంక మా ఇంట్ల సామాను కట్టుడే. ఇంకేదన్న అడిగేదుంటే ఇయ్యాల్నే అడగాలె."

"మిమ్మల్నా?"

"నన్ను మూడు ఆదివారాల సంది బుక్కుల అడుగుతనే ఉన్నరు గద. ఇగ అడగాల్సింది బాపును."

"మీ బాపు ఏమంటడో..."

"కాలుకు పట్టీ ఉన్నది. లేచి తరుమడు." ఆమె స్టీరింగ్ మీద వేళ్ళతో తాళం వేసింది. "మీరు అడిగినంక నన్నడుగుతడు. నేనేం చెప్పాల్నో నాకు తెల్సు."

పక్కన ఆటో ఆగింది. డ్రైవర్ తల బయటపెట్టి అరిచాడు. "ఆర్మూర్, ఆర్మూర్! ఒక్కటే సీటున్నది సార్, జల్ది!"

అలవాటుగా తుకారాం చేయి తలుపు తీసింది. ఒక కాలు బయట పెట్టాడు. చెప్పులోకి చల్లగా నీళ్ళు వచ్చాయి. ఆమె మాటల్లో ఏది నిజం, ఏది జాలి, ఏది వాన... లెక్క మళ్ళీ మొదలవుతోంది. తార ముందు అద్దంలోకి చూస్తూ కూర్చుంది. మెడ దగ్గర నరం కొట్టుకుంటోంది. దానికి కారణం వెతకబోయి ఆగిపోయాడు.

"సార్, వస్తున్నరా లేదా?" ఆటో అతను హారన్ కొట్టాడు.

తుకారాం తడిసిన కాలు లోపలికి తీసుకుని, పోచంపాడ్ వైపు తిరిగి ఉన్న ఆ చిన్న కారు తలుపును గట్టిగా లాగి వేశాడు.