ముయ్యి తీరని మిద్దె

ఎండ ఇంకా వీధి సగానికి కూడా రాలేదు. ధర్మవరం నేతగాళ్ళ కాలనీలో ఒక్కో ఇంటినుంచీ మగ్గాల చప్పుడు అప్పుడే మొదలవుతోంది. జయరాముడు మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చుని నాలుగు పోగులు నేశాడో లేదో, వెలుతురు కోసం మిద్దెకు పెట్టిన గవాచిలోంచి గుప్పెడు మన్ను జారి పట్టుచీర మీద పడింది.

"ఎవరదీ పైన? కింద పట్టు నేస్తాండారని తెలీదా?" అని అరిచాడు.

"నేనేరా. చౌడు తొక్కతాండా. ఆ గవాచి మింద చాట బోర్లించమని నరసమ్మకు చెప్పు," అని పైనుంచి ఓబమ్మ బదులిచ్చింది.

పొయ్యి దగ్గర సంగటి కెలుకుతున్న లక్ష్మీనరసమ్మ తెడ్డు పక్కన పెట్టి, చాట తీసుకుని నిచ్చెన ఎక్కింది. పైన ఆడబిడ్డ ఓబమ్మ చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, గంపలతో మోసుకొచ్చిన చౌడుమన్ను మిద్దె మీద పరిచి కాళ్ళతో అదుముతోంది. వాన వచ్చేలోగా ఏటా ఈ పని చేయకపోతే మిద్దె కారుతుంది. వాన ఎప్పుడొస్తుందో ఈ సీమలో దేవుడికే తెలియదు గానీ, ఓబమ్మ మాత్రం ఏ ఏడూ ఆలస్యం చేయలేదు. చెయ్యమని ఎవరూ అడగలేదు, వద్దని ఎవరూ అనలేదు.

"ఎండ ముదరకముందే దిగు వదినె. సంగటి అయిపోయింది."

"ఈ మూల రవంత మిగిలింది. నువ్వు పో."

మిద్దె మీదనుంచి చూస్తే కాలనీ అంతా కనబడుతుంది. ముప్పై మిద్దెలు, అన్నీ సహకార సంఘం కట్టించినవే. వీధి చివర ఒక్క స్థలం మాత్రం జిల్లేళ్ళు మొలిచి ఖాళీగా ఉంది. అది ఒకప్పుడు ఓబమ్మకు రాసిన స్థలం. ఆమె ఉంటున్నది తమ్ముడి పెరట్లో బోదగడ్డి కప్పిన కొట్టంలో. ఆ కొట్టం మీది బోద కిందటి నెల గాలికి సగం లేచిపోయింది. ఒకరి మిద్దెకు మన్ను తొక్కే మనిషి తలమీద గడ్డి కూడా లేదు. లక్ష్మీనరసమ్మ చాటను గవాచి మీద విసురుగా బోర్లించింది.

ఆ విసురుతోనే కిందికి దిగింది.

"ఈ పొద్దు మీటింగులో ఏం చేస్తాండారు?" అని మొగుణ్ణి అడిగింది.

జయరాముడు మగ్గం మీదనుంచి తలెత్తలేదు. సంఘానికి అతను పదేళ్ళుగా ప్రెసిడెంటు. "ఏముంది? ఇండ్లకు తెచ్చిన సర్కారు అప్పు తీరిపోయింది. ఇన్నేండ్లకు సంఘానికి లాభం వచ్చింది. సభ్యులందరికీ వాటాలేసి పంచుతాం."

"ఆ స్థలమో?"

"గోవిందప్ప కొంటానన్నాడు. దాని దుడ్లు కూడా లాభంలో కలుపుతాం."

"అది వదినె స్థలం కాదా?"

"కాదు. కరువు ఏడాది నెలనెలా కట్టే కంతులు తప్పింది. రూలు ప్రకారం పేరు తీసేసినాం. సభ్యురాలు కాని మనిషికి స్థలం యాడిది, లాభం యాడిది?"

"కరువులో కంతు యాడనుంచి కడతాది? మొగుడు పోయి మూడు నెల్లు కూడా కాలేదు. కొనేవాళ్ళు లేక మగ్గాలన్నీ పడుకున్యాయి."

"ఆ కరువు ఆయమ్మ ఒక్కతికే వచ్చిందా? కమ్మలమ్మి కట్టినోళ్ళు ఉండారు. తినీ తినక కట్టినోళ్ళు ఉండారు. వాళ్ళ నోటి కాడ కూడు తీసి మా అక్కకు పెట్టమంటావా? కంచే చేను మేసిందంటారు. ఊర్లో నేను తలెత్తుకుని తిరగొద్దా?"

లక్ష్మీనరసమ్మకు ఆ మాట కొత్త కాదు. కరువులో కంతు తప్పినవాళ్ళు ఇంకా కొందరున్నారు. వాళ్ళంతా తర్వాత బెంగళూరు దారి పట్టారు, వాళ్ళ స్థలాలు వేరేవాళ్ళ పాలయ్యాయి. పేర్లు తీసేసిన రోజు జయరాముడు అందరికంటే ముందు తన అక్క పేరే కొట్టేశాడు. ఊరు ఊరంతా మెచ్చుకుంది. సొంత అక్కనే తీసేసినాడు, ఎంత నిక్కచ్చి మనిషి అన్నారు. ఆ మెచ్చుకోలును అతను పండగ పంచెలాగా మడతపెట్టి దాచుకున్నాడు. అవసరమైనప్పుడల్లా తీసి కట్టుకుంటాడు.

"నీ మంచిపేరు నీ సొంత దుడ్లతో కొనుక్కోలేదయ్యా," అంది లక్ష్మీనరసమ్మ. "మీ అక్క ఇల్లు ఖర్చుపెట్టి కొనుక్కున్యావు."

పోగుల నడుమ ఆడుతున్న నాడె జయరాముడి చేతిలో ఆగిపోయింది. "గమ్మున ఉండు. ఆడదానివి, నీకేం తెలుసు సంఘం సంగతి?"

"నాకు బండల సంగతి తెలుసు," అని ఆమె వంటింట్లోకి పోయింది. సంగటిని తెడ్డుతో కొట్టి ముద్దలు చేసింది.

నిజంగానే ఆమెకు బండల సంగతి తెలుసు. సంఘం మొదలైనప్పుడు అందరిదీ ఒకటే మాట. కూలి లేదు, ముయ్యి. నీ ఇంటికి నేను ఒళ్ళు వంచితే, నా ఇంటికి నువ్వు ఒళ్ళు వంచాలి. పొలాల్లో పుట్టిన ఆ పద్ధతినే ఇళ్ళకు పెట్టుకున్నారు. ఇంతలో కరువొచ్చింది. మేత లేక ఊళ్ళో ఎద్దులన్నీ సంతల పాలయ్యాయి. తాడిపత్రి నుంచి మిద్దెలకు పరిచే బండలు గూడ్సు బండిలో వచ్చి స్టేషన్లో పడి ఉన్నాయి. వాటిని లాగడానికి ఒక్క ఎద్దుల బండి దొరకలేదు. చివరికి మనుషులే మోశారు. ఇద్దరిద్దరుగా, తలల మీద చుట్టకుదుళ్ళు పెట్టుకుని, ఖాళీ కడుపులతో మోశారు. లక్ష్మీనరసమ్మ నిండు చూలాలు కాబట్టి ఆమె ముయ్యి కూడా ఓబమ్మే మోసింది. పేరు కొట్టేసిన తర్వాత కూడా మోస్తూనే ఉంది.

మధ్యాహ్నం దాటాక జయరాముడి ఇంటి ముందు కట్ట మీద చాపలు పరిచారు. సభ్యులంతా వచ్చి కూర్చున్నారు. తలుపు చాటున ఆడవాళ్ళు నిలబడ్డారు. పట్టు వ్యాపారం చేసే గోవిందప్ప మధ్యలో, తెల్లపంచె నలగకుండా చూసుకుంటూ కూర్చున్నాడు. కాలనీలో అందరికంటే చివర ఇల్లు కట్టుకుని, అందరికంటే ముందు రెండో ఇంటికి కన్నేసిన మనిషి అతనే.

"లాభం వచ్చిందంటే అంతా మన ప్రెసిడెంటు చలవే," అని అతను మొదలుపెట్టాడు. "కంతు తప్పితే సొంత అక్కనైనా చూడలేదు. ఇట్లాంటి మనిషి ఉండబట్టే సంఘం నిలబడింది. ఏమప్పా, అవునా కాదా?"

అవునవునన్నారు. జయరాముడు తల వంచుకుని చిన్నగా నవ్వాడు.

తలుపు చాటున లక్ష్మీనరసమ్మ ఆ నవ్వు చూసింది. పదేళ్ళు ఓర్చుకున్న మనిషి ఆ ఒక్క నవ్వును ఓర్చుకోలేకపోయింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని పళ్ళు కొరుక్కుంటూ పెరట్లోకి పోయింది. మూలనున్న పార తీసుకుంది. నిచ్చెన ఎక్కి, పైకి చేరగానే నిచ్చెనను కూడా పైకి లాగేసింది.

కట్ట మీద గోవిందప్ప, "ఇంక ఆ స్థలం సంగతి..." అంటుండగానే పార నిండుగా చౌడుమన్ను వచ్చి అతని ఒళ్ళో పడింది.

జనం లేచి వీధిలోకి ఉరికారు. మిద్దె అంచున లక్ష్మీనరసమ్మ కొంగు నడుముకు బిగించి నిలబడి ఉంది. ఇంకో పారెడు మన్ను దిగింది.

"ఏమ్మే! పిచ్చి పట్టిందా నీకు?" జయరాముడు అరిచాడు.

"ఇన్నేండ్లు పట్టిండె. ఇప్పుడు వదిలింది."

"దిగు కిందికి! పరువు తీస్తాండావు!"

"ఇది మీ అక్క తొక్కిన మన్నయ్యా. కంతు కట్టని మనిషి మన్ను మనకెందుకు? సభ్యురాలు కాదంటివి కదా. మన్ను తీసినాక కింద బండలు కూడా తీస్తా. అవీ ఆ యమ్మ మోసినవే. తీసుకుపోయి స్టేషన్లో పడేసి రా. అప్పుడు చెప్పు నీ రూలు."

గోవిందప్ప పంచె దులుపుకుంటూ, "ఏందమ్మా ఇది? లాభం సభ్యులది. చట్టం..." అన్నాడు.

"లాభమా? యాడిది అన్నా లాభం?" ఆమె గొంతు వీధి చివరదాకా వినబడింది. "ఆ పొద్దు బండ్లకు బాడుగ ఇచ్చింటే, కూలోళ్ళకు కూలి ఇచ్చింటే మీకు మిగిలేదేముండె? ఇయ్యని కూలే మిగిలి మిగిలి లాభమైంది. కంతులు కట్టినోళ్ళ లెక్క ఉండాది, మోసినోళ్ళ లెక్క లేదా? మోసిన మనిషిని బయట నిలబెట్టి, మోయించుకున్నోళ్ళు పంచుకుంటారా? సిగ్గుండాదా మీకు?"

పక్కింటి ఎర్రిస్వామి భార్య మారెక్క తలుపు చాటునుంచి ముందుకొచ్చింది. "మా బండలూ ఓబక్క మోసినవే. నా తోడుగా మోసింది. నరసమ్మ ఆ మిద్దె దిగినాక ఆ పార నాకియ్యమను," అంది.

"నువ్వు గమ్మునుండు," అని ఎర్రిస్వామి భార్యను కసిరాడు గానీ, కళ్ళు నేల మీదికి వాలాయి.

అప్పుడే ఇంటి పక్క సందులోంచి ఓబమ్మ వచ్చింది. కొట్టంలో కండెలు చుడుతూ కూర్చున్న మనిషి, చేతికి పట్టుదారం అలాగే అంటుకుని ఉంది. పైకి చూసి మండిపడింది.

"ఏం పని చేస్తివే నరసమ్మా! పొద్దున్నించి కాళ్ళరిగేట్లు తొక్కితి కదే! వానొస్తే పిల్లోళ్ళు యాడ పడుకుంటారు?"

"నువ్వు పడుకునే తావనే పడుకుంటారు వదినె. నీకు లేని మిద్దె మాకెందుకు?"

"నేనేమన్నా అడిగినానా నిన్ను?"

"అడగలేదు. అందుకే ఇట్లయింది."

ఓబమ్మ చేతికంటిన పట్టుదారం తీసి కొంగున దోపుకుంది. తమ్ముడి వైపు తిరిగింది. పదేళ్ళలో మొదటిసారి నలుగురిలో అతన్ని నిలదీసింది.

"జయరాముడూ, నువ్వు నా పేరు తీసేసిన పొద్దు నేను ఏడవలేదురా. నీకు మంచి పేరొస్తాందని గమ్మున ఉండిపోతి. ఆ సాయంత్రం నా కొట్టం కాడికి వచ్చి ఏమంటివి? అక్కా, దుడ్లు లేకుంటే ఒళ్ళు వంచి పని చెయ్యి, తర్వాత సంఘం చూసుకుంటాది అనలేదా?"

జయరాముడి ముఖం పాలిపోయింది. అతను ఆ మాట అన్నాడు. ఏడుస్తుందేమోనని భయపడి, ఓదార్పుగా అని వచ్చేశాడు. తర్వాత నలుగురూ మెచ్చుకునేసరికి ఆ మాట ఎత్తడానికి అతనికి ధైర్యం చాలలేదు. అక్కకు సాయం చేశాడంటారని భయం. ఆ భయానికే నిజాయితీ అని పేరు పెట్టుకున్నాడు.

"ఆ మాట నేనే అంటిని," అన్నాడు. "మరి ఇన్నేండ్లు ఒక్క మాటైనా ఎందుకు అడగలేదక్కా?"

"ముయ్యి నోరు తెరిచి అడుగుతారేమిరా?" ఓబమ్మ కోపంగా అతని మీదికి వచ్చింది. "మన అవ్వ నేర్పలేదా? ముయ్యి అడిగితే కూలి అయిపోతాది. తీర్చేవాడే గుర్తు పెట్టుకోవల్ల. నువ్వు మరిచిపోయినావేమోనని ఏటా నీ మిద్దెక్కి చౌడు తొక్కితి. ఈ ఏడన్నా అక్కకు బాకీ ఉండాననుకుంటాడని తొక్కితి. నువ్వేమో గవాచిలోంచి మన్ను పడతాందని అరిస్తివి."

జయరాముడు కట్ట మీద కూలబడి రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. తల మీద, భుజాల మీద భార్య తోసిన మన్ను. "ఏటా అడుగుతానే ఉండావక్కా. నాకే వినపడలేదు," అన్నాడు. వేళ్ళ సందుల్లోంచి కన్నీళ్ళు కారి మన్నులో కలిశాయి.

కాసేపటికి లేచాడు. ముఖం తుడుచుకోలేదు.

"నేను ప్రెసిడెంటుగా చెప్పడం లేదు, ముయ్యి బాకీ ఉండే మనిషిగా చెప్తాండా. మా అక్క పేరు తీసేసింది తప్పు. కంతు ఒక్కటే కట్టినట్లు అనుకుంటిమి, ఒళ్ళు వంచింది కట్టినట్లు కాదనుకుంటిమి. ముందు ఆ స్థలంలో మా అక్క ఇల్లు లేస్తాది. ఆ పొద్దు మోసి ఊరు విడిచి పోయినోళ్ళకు కబురు పంపిస్తాం. తర్వాత మిగిలిందే లాభం. అది అందరికీ సమానంగా పంచుతాం, మా అక్కతో సహా. ఎవరి మిద్దె మింద మా అక్క మోసిన బండ ఉండాదో వాళ్ళు చెయ్యెత్తండి."

ముందు మారెక్క చెయ్యెత్తింది. ఆమెకు ఓటు లేదని ఎవరూ గుర్తు చేయలేదు. ఎర్రిస్వామి ఎత్తాడు. ఆ తర్వాత ఒక్కొక్కటిగా వీధంతా చేతులు లేచాయి. గోవిందప్ప ఇంటి బండలు మాత్రం మంచికాలంలో లారీలో దిగినవి. అతను పంచె దులుపుకుంటూ, ఇది న్యాయం కాదు అని గొణుగుతూ వెళ్ళిపోయాడు. అతన్ని ఆపడానికి ఎవరూ లేవలేదు.

"నరసమ్మా, నిచ్చెన దించు," అన్నాడు జయరాముడు.

"వదినెకైతే దించుతా. నీకోసం కాదు."

"నేను మన్ను ఎక్కించల్లమ్మే. దించు."

లక్ష్మీనరసమ్మ ఒక క్షణం అతని ముఖం చూసింది. కోపం పూర్తిగా పోలేదు. పదేళ్ళ కోపం ఒక్క సాయంత్రంలో పోతుందా? అయినా నిచ్చెన దించింది.

జయరాముడు వీధిలో పడ్డ చౌడును గంపకెత్తి, తలమీద పెట్టుకుని ఎక్కాడు. మిద్దె మీద పరిచి తొక్కడం మొదలుపెట్టాడు. మగ్గం గుంతలో ఆడే కాళ్ళకు ఈ పని చేతకాలేదు. ఓబమ్మ పైకొచ్చి పిట్టగోడ మీద కూర్చుంది. ఆ మిద్దె మీద ఆమె ఊరికే కూర్చోవడం అదే మొదటిసారి.

"అట్ల కాదురా. మడమతో అదుము. ఆ మూల వదిలేస్తివి చూడు, ఆడనే కారతాది," అని గద్దించింది.

"తొక్కతాండా కదక్కా."

"ఊరికే తొక్కడం కాదు, గట్టిగా తొక్కు. ఇది నీ ఇల్లు. వచ్చే ఏడు నా మిద్దెకు కూడా రావల్ల నువ్వు."

ఆ మాటకు జయరాముడు మళ్ళీ ఏడ్చాడు. ఏడుస్తూనే తొక్కాడు. గవాచి పక్కనుంచి గుప్పెడు మన్ను జారి కింద మగ్గం మీద పడింది. లక్ష్మీనరసమ్మ పొద్దున దించేసిన చాట కోసం కిందికి దిగబోతూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కిందనుంచి ఎవరూ అరవలేదు. అరిచే మనిషి పైనే ఉన్నాడు, మోకాళ్ళ దాకా చౌడు పూసుకుని, అక్క చెప్పిన మూలకల్లా జరుగుతున్నాడు.