అట్ట కొండ కింద ఆగే రైలు

మా మామయ్య మేడగదిలో అట్టతో చేసిన కొండ ఒకటుంది. దాని కింద మూరెడు సొరంగం. ఆ సొరంగం మంచిది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. చీకటి పడ్డాక అందులో దూరిన బొమ్మరైలు క్షేమంగా బయటికి రాదు...

ఇది మామయ్య నోట విన్నదే. ఆయన ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. క్లాసులో దెయ్యం ఊసెత్తినవాడిచేత గోడకుర్చీ వేయించిన మనిషి.

పగలంతా రైలు చక్కగా తిరిగేది. మామయ్య సాయంత్రం స్నానానికి కిందికి వెళ్ళి వచ్చేసరికి — సొరంగంలో ఒక కుదుపు... దీపం మిణుకుమిణుకు... ఆపైన చప్పుడు లేదు.

చక్రాలు తుడిచాడు. అతుకులు బిగించాడు. తీగలు మార్చాడు. పుల్లకి దూది చుట్టి లోపలి పట్టాలు రుద్దితే నల్లగా, జిగటగా ఏదో అంటుకుని వచ్చేది. రుద్దగానే రైలు నడిచేది. మర్నాడు రాత్రికి మళ్ళీ అదే జిగట!

“కొండకి చెమట పడుతోందిరా,” అన్నాడు నాతో, గొంతు తగ్గించి.

“అట్టకి చెమటేంటి మామయ్యా?”

“అదే మరి!”

దెయ్యం సంగతెలా ఉన్నా, ఆయన అసలు భయం అత్తయ్యే. “ఆదివారంలోగా అది తిన్నగా నడవకపోతే ఆ బొమ్మ ఊరూ రైలూ తీసి అటకెక్కిస్తా. నా కుట్టుమిషన్ పైకి తెచ్చుకుంటా,” అని తెగేసి చెప్పింది. పన్నెండేళ్ళపాటు అగ్గిపెట్టెంత ఇళ్ళు ఒక్కొక్కటే అతికించి కట్టుకున్న ఊరది. పోతుందంటే మామయ్యకి ముద్ద దిగలేదు.

శనివారం ఇక లెక్కలన్నీ పక్కన పెట్టేశాడు. సొరంగం ముందు వంగి, “ఎవరు బాబూ మీరు? ఇక్కడ దిగాలా?” అని గుసగుసగా అడిగాడు. ఎందుకైనా మంచిదని అగ్గిపుల్లలతో చిన్న బెంచీ చేసి లోపల పట్టాల పక్కన పెట్టాడు.

స్నానం వేళకి నీళ్ళ చప్పుడు వినపడేలా కింద పంపు తిప్పి వదిలేసి, పిల్లిలా పైకొచ్చి బీరువా వెనక నక్కాడు.

మెట్ల మీద అడుగులు... తలుపు కిర్రుమంది... తెల్లటి ఆకారం! అది కొండ ముందు వంగి, సన్నటి పొడవాటి ముక్కు సొరంగంలోకి పెట్టింది.

టిక్... టిక్...

మామయ్య గోడ తడుముతుంటే చెయ్యి స్విచ్చి మీద పడి లైటు వెలిగింది.

అత్తయ్య! భుజాన తెల్ల శాలువా, చేతిలో మిషన్ నూనె డబ్బా.

“రోజూ నువ్వేనా?”

“మరి? ఒకనాడు అక్కడ ఆగిందన్నారుగా. ఇనుముకి నూనె పోస్తేనే నడుస్తుంది. నా మిషన్ ఇన్నేళ్ళూ ఎలా నడిచిందనుకున్నారు? మీరేమో రుద్ది రుద్ది ఎండగడుతున్నారు!”

“పట్టాలకి నూనె పోస్తే చక్రాలకి కరెంటు అందదే!”

అత్తయ్య డబ్బా వంక చూసుకుంది.

“అయినా, తీసేస్తానన్నది నువ్వే కదా?”

“నడవకపోతే అన్నాను. నడవాలనేగా ఈ మోకాళ్ళతో రోజూ మెట్లెక్కుతున్నాను.”

మామయ్య పుల్లకి దూది చుట్టి ఆమె చేతికిచ్చాడు. ఇద్దరూ కలిసి తుడిచారు. కింద పంపు సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఈసారి రైలు తడబడకుండా సొరంగంలోకి వెళ్ళింది. దాని దీపం వెలుగులో అత్తయ్య లోపలికి తొంగి చూసింది.

“ఆ బెంచీ ఎవరికండీ?”

మామయ్య గొంతు సవరించుకున్నాడు.

“నీకే.”